నాన్న కాలేయం నా ల్యాప్‌టాప్‌లో ఉంది

ఈసారి ఉత్తరం కావలి దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు వేయవద్దన్నారు. ఏడు పేజీలుంది, కుదించి చెబుతాను.

రాసినావిడకు ఇరవై ఎనిమిదేళ్లు. చెన్నైలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ, మూడో ఏడు. కాలేయంలో గడ్డలను వేడితో కాల్చే చికిత్స ఒకటుంది. చర్మం గుండా సన్నటి సూదిని గడ్డలోకి దించి, కొన దగ్గర వేడి పుట్టించి, ఆ కణాలను అక్కడికక్కడే చంపేస్తారు. సూది ఎక్కడ దించితే, ఎంత కరెంటు ఎంతసేపు ఇస్తే, ఎంతమేర కాలుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం ఈవిడ పరిశోధన. ఈ చదువేమిటో ఇంట్లో వాళ్లకు ఇన్నాళ్లూ సరిగా తెలియదు. "లివర్ మీద ఏందో చేస్తా ఉంది మా పిల్ల" అని అమ్మ ఊళ్లో చెప్పుకునేదట.

రెండు నెలల కిందట నాన్నకే కాలేయంలో గడ్డ బయటపడింది. ఆయనకు అరవై ఒక్కేళ్లు. అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేస్తారు. పదిహేనేళ్లుగా షుగర్. తాగుడు అలవాటు లేదు. కొవ్వు పట్టిన కాలేయం ఏళ్ల తరబడి లోలోపలే గట్టిపడి సిర్రోసిస్ అయింది. అందులో 2.7 సెంటీమీటర్ల గడ్డ లేచింది. కాంట్రాస్ట్, అంటే రక్తం ఆడే చోట్లు తేటగా కనపడేలా చేసే మందు, ఇచ్చి తీసిన సీటీ చూసి కాలేయ క్యాన్సరేనని తేల్చారు. నెల్లూరులో చూసిన డాక్టర్ "సూది పెట్టి కాల్చేద్దాం, రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లొచ్చు" అన్నారు. చెన్నైలో ఇంకొకరిని అడిగితే అక్కడి సర్జన్ "ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేయడమే మేలు" అన్నారు. ఇంట్లో అందరూ ఈవిడ వైపు తిరిగారు. మేనమామ మాట: "నీ చదువంతా ఇదే గదా. మీ నాన్నది కంప్యూటర్లో ఏసి చూసి చెప్పు. నువ్వేదంటే అది చేయిద్దాం."

ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఈవిడ ఆస్పత్రి సంచిలోంచి సీటీ సీడీ తీసి, ల్యాప్‌టాప్‌లో వేసి, కాలేయాన్ని, గడ్డను, సిరలను విడివిడిగా గీసి, ల్యాబ్ మోడల్‌కు ఎక్కించారు. తెల్లవారుజామున నాలుగింటికి బొమ్మ వచ్చింది. గడ్డ అంతా ఎర్రగా కాలింది. ఒకవైపు పెద్ద సిరను ఆనుకున్న చోట నాలుగు మిల్లీమీటర్ల పట్టీ మాత్రం నీలంగా మిగిలింది. 60 డిగ్రీలు అందని చోటు అది. అప్పటి నుంచి ఐదు రాత్రులుగా నిద్ర లేదు. "డాక్టర్‌కు ఈ బొమ్మ చూపించనా? నవ్వుతారేమో. చూపించకుండా ఉండి, రేపు అక్కడే మళ్లీ గడ్డ వస్తే? ఆపరేషన్‌కే పొమ్మని నేను చెప్పి, దాంట్లో ఏమైనా అయితే? మా గైడ్‌కి కూడా చెప్పలేదు. మూడేళ్లు చేసిన పనిని నాన్న దగ్గరికొచ్చేసరికి నమ్మాలో వద్దో తెలియడం లేదు" అని రాశారు. సూది పెట్టే తేదీకి పన్నెండు రోజులుంది.

ఐదో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. దాని గురించి ఆవిడ ఏమీ అడగలేదు: "నాన్నకు మాత్రం చిన్న గడ్డ, కాలిస్తే పోతుంది అని చెప్పాం."

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి ఒంగోలులో రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను. కాల్చాలా కోయాలా అన్న తీర్పు నా దగ్గర దొరకదు. వేడి లెక్కలు మాత్రం కొంత తెలుసు. నీ ఉత్తరం చూశాక ఈ చికిత్స గురించి కూర్చుని చదివాను కూడా. నా చివరి బ్యాచ్ పిల్లల వయసు నీది, నువ్వు అనే రాస్తాను.

ముందు ఆ నీలం పట్టీ సంగతి చూద్దాం. అది తేలకుండా నేనేం చెప్పినా నీ చెవికెక్కదు.

నువ్వు గీత 60 డిగ్రీల దగ్గర గీశావు. 60 దాటితే కణంలోని ప్రొటీన్లు చూస్తుండగానే గడ్డకడతాయి, పెనం మీద పడ్డ గుడ్డు తెల్లసొనలాగా. కానీ 50 దగ్గర కూడా కణం చస్తుంది. కాకపోతే నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. ఎంత వేడి అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ లెక్కలోకి రావాలి. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పంది చర్మం మీద ప్రయోగాలు చేసి తేల్చింది ఇదే. వేడినీ సమయాన్నీ కలిపి ఎన్ని కణాలు చచ్చాయో కట్టే, నువ్వు థీసిస్‌లో రోజూ వాడే అర్హీనియస్ లెక్కకు మూలం వాళ్లే. ఆ లెక్కలో విలువ ఒకటికి చేరితే 63 శాతం కణాలు పోయినట్టు, 4.6కి చేరితే 99 శాతం. పట్టీలో వేడి 43 నుంచి 59 డిగ్రీల దాకా ఉందని, సూది పన్నెండు నిమిషాలు నడిపించానని నువ్వే రాశావు. నేను కాగితం మీద వేసి చూశాను. పట్టీలో ఎక్కువ భాగం చచ్చినట్టే తేలుతోంది. మిగిలేది సిర గోడకు అంటుకున్న సన్నటి అంచు. అది కూడా చిన్న విషయమని అనను. కానీ నాలుగు మిల్లీమీటర్లు వేరు, ఒక మిల్లీమీటరు వేరు.

ఇది నాకంటే నీకే బాగా తెలుసు. వేరే ఎవరి సీటీ అయినా అయితే మొదట ఈ లెక్కే వేసేదానివి. నాన్నది కాబట్టి ఉన్న గీతల్లో కఠినమైనదాన్ని తీసుకున్నావు. తెల్లవారుజామున నాలుగింటికి, ఇంట్లో అందరూ నిద్రపోతుంటే, ఎవరైనా అదే తీసుకుంటారు.

రెండోది ఇంకా పెద్దది. మూడో పేజీలో ఆస్పత్రి ఎస్టిమేట్‌ను ఉన్నదున్నట్టు ఎక్కించావు. అందులో మైక్రోవేవ్ అని ఉంది. నీ మోడల్ సూది దగ్గర వేడి పుట్టించే ఇంకో పద్ధతి, రేడియోఫ్రీక్వెన్సీది. "ల్యాబ్‌లో రెడీగా ఉన్నది అదే, పెద్ద తేడా ఉండదనుకున్నాను" అన్నావు. ఉంటుందమ్మా. రేడియోఫ్రీక్వెన్సీలో దాదాపు 500 కిలోహెర్ట్జ్ కరెంటు సూది నుంచి తొడలకు అంటించిన ప్యాడ్ల దాకా ఒంట్లోంచే పారుతుంది. సూదికి అతి దగ్గరలో గట్టిగా వేడెక్కుతుంది, దూరానికి ఆ వేడి మెల్లగా పాకాలి. సూది చుట్టూ వంద డిగ్రీలు దాటి ఆవిరి లేచినా, మాడినా కరెంటుకు దారి మూసుకుపోతుంది. మైక్రోవేవ్ 915 మెగాహెర్ట్జ్, లేదంటే వంటింటి ఓవెన్‌లో ఉండే 2.45 గిగాహెర్ట్జ్. సూది చుట్టూ కొంత మేర ఉన్న నీటి అణువులను నేరుగా కుదిపి, త్వరగా, ఇంకా ఎక్కువగా వేడెక్కిస్తుంది. మాడిన కణజాలం దానికి అంతగా అడ్డం రాదు. సిర వేడిని లాక్కుపోయే ఇబ్బంది అందులోనూ ఉంది కానీ తక్కువ. అంటే ఐదు రాత్రుల నిద్ర పోగొట్టిన ఆ బొమ్మ, మీ నాన్నకు ఎవరూ చేయబోని చికిత్సది.

ఇక రక్తం. ఏటా ఇంటర్ మొదటేడు పిల్లలకు ఒక ప్రయోగం చేసి చూపేవాణ్ణి. కాగితపు కప్పులో నీళ్లు పోసి స్పిరిట్ దీపం మీద పెడితే కప్పు అంటుకోదు. వెనక బెంచీ వాళ్లు కూడా లేచి నిలబడి చూసేవాళ్లు. నీళ్లు తాకుతున్న చోట కాగితం వంద డిగ్రీలు దాటలేదు, వంద దగ్గర కాగితం అంటుకోదు. నీళ్లకు పైనున్న అంచుకు మంట తగిలితే మాత్రం భగ్గుమంటుంది. ఒకసారి నా చేతి వెంట్రుకలు కాలాయి. కాలేయంలో పెద్ద సిర పక్కన జరిగేది ఇలాంటిదే. 37 డిగ్రీల రక్తం ఆగకుండా పారుతూ పక్కనున్న వేడిని మోసుకుపోతుంది. మూడు మిల్లీమీటర్ల కంటే లావైన నాళం ఆనుకుని ఉంటే ఈ తలనొప్పి ఉంటుందని ఆ సూది పట్టే డాక్టర్లకు తెలుసు. హీట్ సింక్ అన్నది వాళ్లు రోజూ వాడే మాట. నీ మోడల్ కొత్తగా కనిపెట్టింది కాదు.

సన్న నాళాల లెక్క వేరే. దానికి నువ్వు వాడింది ఒంట్లో వేడి ఎలా పాకుతుందో కట్టే 1948 నాటి పెన్నెస్ సమీకరణం. ఆయన మనుషుల ముంజేతిలోకి థర్మోకపుల్ తీగలు గుచ్చి, ఉష్ణోగ్రతలు కొలిచి దాన్ని రాశాడు. కాలేయం జోలికి పోలేదు. రక్తం చెమ్మలాగా అంతటా ఒకేలా పరుచుకుని ఉందని ఆ సమీకరణం అనుకుంటుంది, ఏ దిక్కుకు పారుతోందో దానికి పట్టదు. అందులో కాలేయానికి అందే రక్తం అన్న చోట నువ్వు పెట్టిన అంకె సెకనుకు 0.0064. ఈ అంకెను ఎన్ని పేపర్లలో చూశానో! ఒకరి దగ్గర ఒకరు చేబదులు తీసుకుంటున్నట్టుంది. మీ నాన్నది గట్టిపడిన కాలేయం. మామూలు మనిషికి కాలేయంలోకి వచ్చే రక్తంలో ముప్పాతిక వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది. సిర్రోసిస్‌లో అది సరిగా దూరదు. గడ్డేమో ఎక్కువగా ధమని రక్తం తాగుతుంది. పైగా గడ్డ చుట్టూ ఉన్న గట్టి కణజాలం వేడిని లోపలే పట్టి ఉంచుతుందని కూడా డాక్టర్లు గమనించారు, మూత పెట్టిన కుండలోలాగా. ఆ 0.0064ను ఒకసారి సగం చేసి, ఒకసారి రెట్టింపు చేసి నడిపించు. పట్టీ వెడల్పు కదలకుండా అంతే ఉంటుందేమో నువ్వే చూడు.

నీ మూడేళ్ల పని దండగని చెప్పడానికి ఇదంతా రాయలేదు. సూదుల రకాలను పోల్చడానికి, పవర్ ఎలా పెంచుతూ పోతే మాడకుండా ఎక్కువ మేర కాలుతుందో చూడటానికి, ఏ అంకె మారితే ఫలితం ఎక్కువ మారుతుందో తెలుసుకోవడానికి ఇలాంటి మోడల్‌ను మించింది లేదు. బతికున్న మనిషి కాలేయంలో ఇరవై సార్లు సూది దించి చూడలేం కదా. అది వందమందికి పనికొచ్చే పని. ఒక్క మనిషికి రేపు ఏమవుతుందో చెప్పమంటే మాత్రం తడబడుతుంది.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన చోటు నాలుగో పేజీ. బీటెక్ చేరిన ఏడు స్కాలర్‌షిప్ డబ్బుతో మీ నాన్నకు గుంట నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటర్ కొనిపెట్టావట. గుంటలో దించి "ఐదుంది నాన్నా, బాగుంది" అంటే, ఆయన "మీటర్ సరేలేమ్మా, చెక్ ట్రే ఎత్తి చూసినావా?" అన్నారట. మేత వేసి నీళ్లలో ఉంచే ఆ ట్రేను తాడు పట్టి పైకి లాగి, టార్చి వేసి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, చెంగున ఎగురుతోందా అని ఒక్కొక్కటీ చూపించారట. మీటర్‌ను ఆయన పారేయలేదు. ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి దించి చూస్తారని నువ్వే రాశావు. రెండూ వాడతారు. ట్రే చెప్పినదాన్నే నమ్ముతారు.

ఈ చికిత్సకూ ఒక చెక్ ట్రే ఉంది. కాల్చాక కాంట్రాస్ట్ ఇచ్చి మళ్లీ సీటీ తీస్తారు. కాలిన చోట రక్తం ఆడదు కాబట్టి నల్లగా కనిపిస్తుంది. ఆ నల్లటి మచ్చ పాత గడ్డను పూర్తిగా మింగి, చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు, వీలైతే 10, అదనంగా ఉందా అని కొలుస్తారు. ముందు తీసిన సీటీనీ తర్వాతి సీటీనీ ఒకదానిపై ఒకటి పరిచి ఈ అంచును కొలిచే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. అదీ కంప్యూటరే, కాకపోతే జరగబోయేదాన్ని ఊహించకుండా జరిగినదాన్ని కొలుస్తుంది. ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం సెంటీమీటరు, ఇంకా ఎక్కువే కిందికీ పైకీ జరుగుతుంది. సూది అనుకున్న చోటుకు రెండు మూడు మిల్లీమీటర్లు అటూఇటూ దిగొచ్చు. కాల్చాక కణజాలం ముడుచుకుపోతుంది కూడా. అందుకే ముందు వేసిన లెక్క కంటే తర్వాత చూసిన కొలతకు విలువ ఎక్కువ. దాదాపు నెల తర్వాత మరో స్కాన్ ఉంటుంది. అంచులో బతికున్న ముక్క కనిపిస్తే చాలాసార్లు మళ్లీ సూది పెట్టి కాల్చవచ్చు. ఇదే ఆఖరి అవకాశం అన్నట్టు నీ ఉత్తరం అంతా ఉంది. అలా అనుకోనక్కర్లేదు.

డాక్టర్‌కు చూపించాలా అన్నావు. నీ ముందు రెండు మూడు దారులున్నాయి.

ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. చికిత్సకు దీనివల్ల పెద్ద నష్టం రాకపోవచ్చు, ఆ సిర ఆయన కళ్లకూ కనిపిస్తూనే ఉంటుంది. నష్టం నీకు. రేపు ఎక్కడ ఏ చిన్న మచ్చ కనిపించినా "నాకు ముందే తెలుసు" అని జీవితాంతం నిన్ను నువ్వే తింటావు. లేదూ, రంగుల బొమ్మ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టవచ్చు. అప్పుడు మాట నీ మోడల్ మీదికి పోతుంది. అది రేడియోఫ్రీక్వెన్సీది అని ఆయన ఒక్క మాట అన్నారనుకో, నువ్వు అడగాల్సిన అసలు ప్రశ్న కూడా దాంతోపాటు కొట్టుకుపోతుంది. రోగి చికిత్సను నిర్ణయించడానికి వాడే సాఫ్ట్‌వేర్ మన దేశంలో 2020 నోటిఫికేషన్ తర్వాత వైద్య పరికరం కిందికే వస్తుంది, నీ ల్యాబ్ కోడ్‌కు అలాంటి అనుమతి లేదు. దాన్ని చూసి ఆయన ప్లాన్ మార్చుకున్నా ఇబ్బందే, ఇద్దరికీ.

నేనైతే బొమ్మను ఇంట్లో పెట్టి ప్రశ్నలు పట్టుకెళ్తాను. "గడ్డ కుడి హెపాటిక్ సిరను ఆనుకుని ఉంది కదా సార్, ఆ వైపు అంచు దక్కడానికి ఏం చేస్తారు? ఒక సూది చాలా, రెండు చోట్ల పెడతారా? కాల్చగానే మార్జిన్ ఎలా కొలుస్తారు? చాలకపోతే అదే పూట మళ్లీ కాలుస్తారా? ఇలాంటి చోట ఇదివరకు చేశారా?" అని. ఈ పని తరచూ చేసేవాళ్లు వీటికి తడుముకోకుండా జవాబు చెబుతారు. సూదిని సిర వైపుకు జరిపి పెడతామంటారో, ముందు గడ్డకు రక్తం పోసే ధమనిని మూసి, ఆ తర్వాత కాలుస్తామంటారో వింటావు. విసుక్కుంటే, "అదంతా మేం చూసుకుంటాం" అని లేచిపోతే, అప్పుడు చెన్నైకి మళ్లీ వెళ్లడానికి నీకో కారణం దొరుకుతుంది. బొమ్మ గురించి ఆయనే ఆసక్తిగా అడిగితే చూపించు, అందులో లేనివేమిటో ముందు చెప్పి.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారని మీ మామ గాభరా పడుతున్నాడు. నాకందులో వింతేమీ కనపడలేదు. 2 సెంటీమీటర్ల లోపు ఒంటరి గడ్డ అయితే కాల్చడం మొదటి వరసలోనే ఉంటుంది. 3 దాటేకొద్దీ దాని మీద నమ్మకం తగ్గుతుంది. మీ నాన్నది 2.7, సరిగ్గా కాల్చేవాళ్లూ కోసేవాళ్లూ వాదించుకునే చోట. కోసి తీస్తే అదే చోట మళ్లీ మొలిచే అవకాశం తక్కువ. కానీ గట్టిపడిన కాలేయంలో కోత మామూలు విషయం కాదు, మిగిలిన ముక్క మొత్తం బరువు మోయగలగాలి. కాలిస్తే పోయే కాలేయం కొద్ది, మంచం మీద ఉండేది కొద్ది రోజులు, అదే చోట తిరిగి వచ్చే అవకాశం కొంత ఎక్కువ, సిర పక్కనైతే ఇంకాస్త. ఏది చేసినా సిర్రోసిస్ అక్కడే ఉంటుంది కాబట్టి వేరే మూల కొత్తది లేవవచ్చు. గడ్డనూ సిర్రోసిస్‌నూ కలిపి వదిలించేది కాలేయ మార్పిడి ఒక్కటే. 1996లో మిలాన్‌లో పెట్టిన కొలత ప్రకారం 5 సెంటీమీటర్ల లోపు ఒకే గడ్డ ఉన్నవాళ్లకు దాన్ని ఆలోచించవచ్చు. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా ఎత్తారా? ఎత్తగానే దాత ఎవరన్న ప్రశ్న వస్తుంది, మన దేశంలో ఎక్కువగా బతికున్న బంధువులే ఇవ్వాల్సి వస్తోంది. నువ్వో మీ తమ్ముడో అన్నమాట. ఇప్పుడే తేల్చుకోమనను, అడగడానికి భయపడవద్దంటున్నాను.

ఈ తూకంలో ఎటు మొగ్గాలో చెప్పేవి రక్తపరీక్షలో తెలిసే బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్, పొట్టలో నీరుందా, మగతగా ఉంటున్నారా అన్న ఐదు సంగతులు. కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పే చైల్డ్-ప్యూ స్కోరు వీటితోనే కడతారు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిందని అనుమానిస్తారు, సర్జన్ అక్కడ వెనకాడతారు. నీ ఏడు పేజీల్లో సిర ఎంత దూరమో మిల్లీమీటర్లలో ఉంది, ఉష్ణోగ్రతలు దశాంశాలతో సహా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు ఎన్నో లేదు. ఈ రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి, సర్జన్, రేడియాలజిస్టు, లివర్ డాక్టర్ ముగ్గురూ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు ఉన్న ఆస్పత్రిలో ఒక్కసారి చూపించండి. దానికోసం సూది తేదీ వారం జరిగినా ఫర్వాలేదేమో ఆ డాక్టర్నే అడగవచ్చు. నెలలు జరపకూడదు. ఖర్చు సంగతి ఉత్తరంలో తక్కువే ఉంది. ఆరోగ్యశ్రీ కింద, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద, ఏది వస్తుందో ఏది రాదో ఆస్పత్రి హెల్ప్ డెస్క్‌లో ముందే అడగండి.

ఇప్పుడు ఐదో పేజీ అడుగున ఉన్న వాక్యం.

డాక్టర్లు, మామ, అమ్మ, తమ్ముడు, నువ్వు, చివరికి నీ ల్యాప్‌టాప్. మీ నాన్న కాలేయం గురించి ఇంతమంది ఆలోచిస్తున్నారు. ఆయనొక్కరికే సంగతి తెలియదు. తట్టుకోలేడని మీ భయం. మన ఇళ్లలో ఇది మామూలే, మా అమ్మ విషయంలో మేమూ అదే చేశాం. ఆవిడకు అన్నీ తెలుసునని ఆవిడ పోయాక పక్కింటావిడ చెప్పింది.

చెప్పకపోతే ఏమవుతుందో ముందు చూడు. సంతకం ఆయనే పెట్టాలి, ఏ కాగితం మీదో తెలియకుండా పెడతారు. తర్వాత మూడు నెలలకోసారి స్కాన్లు మొదలవుతాయి. కాలిస్తే పోయిన చిన్న గడ్డకు ఇన్ని స్కాన్లెందుకని అడుగుతారు. మీ దగ్గర జవాబుండదు. నొప్పి ఉండదు, ఒంట్లో బాగానే ఉంటుంది, గుంటలో పట్టుబడి దగ్గరపడి ఉంటుంది. "ఈసారికి వద్దులే" అంటారు. ఆ ఒక్క స్కాన్ తప్పడం నీ నీలం పట్టీ కంటే నాకు ఎక్కువ భయంగా ఉంది.

చెబితే ఏమవుతుందో కూడా దాచను. నాలుగు రోజులు అన్నం సహించకపోవచ్చు. మీ అమ్మ నీ మీద కోప్పడవచ్చు. ఊళ్లో "లివర్ అంటే ఇంకేముంది, తాగుడే" అనే నోళ్లకు ఆయన తల ఎత్తుకోలేననుకోవచ్చు, ఇన్నాళ్లూ చుక్క ముట్టని మనిషి కాబట్టి మరీ. షుగర్, కొవ్వు పట్టిన లివర్ కూడా ఇక్కడికే తీసుకొస్తాయని ఆయనకు ఎవరైనా తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే ఆ బరువు కొంత దిగుతుంది. మీ తమ్ముడి షుగర్ కూడా ఒకసారి చూపించండి.

కానీ ఆయన ఎవరో ఆలోచించు. పక్క గుంటలో వైట్ స్పాట్ తెగులు పడిందని తెలిసిన రాత్రి, కిలోకు వంద రొయ్యలు తూగే వంద కౌంట్ మీదే పట్టేసి చేతికొచ్చినంత తెచ్చుకోవాలా, ఇంకొన్నాళ్లు ఆగి యాభై కౌంట్ చేసుకోవాలా, ఆగితే అంతా పోతుందా అన్న లెక్క ఆయన ఎన్నిసార్లు వేసి ఉంటారు? కోతా కాల్చడమా అన్న ప్రశ్న ఆ లెక్కకు చాలా దగ్గరది. మీ ఇంట్లో అలాంటి లెక్క అలవాటున్న మనిషి ఆయనొక్కరే.

అంతా ఒక్కసారి కుమ్మరించనక్కర్లేదు. సాయంత్రం గుంటల దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు "నాన్నా, ఈ గడ్డ గురించి నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడుగు. ఏమంటారో దాన్నిబట్టి ముందుకెళ్లు. "మీరే చూసుకోండమ్మా, నాకొద్దు" అనవచ్చు. అప్పుడు కనీసం ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినట్టు. నేరుగా అడిగితే అబద్ధం మాత్రం చెప్పకు. సీడీ తీసి చూశానని కూడా చెప్పు. ఆయన ఒంట్లో సంగతి అది, ఆయన్ను అడిగి చూడాల్సింది.

మామ సంగతి రెండు ముక్కల్లో. "మామా, నా కంప్యూటర్ వందమందికి సూది ఎట్టా పనిచేస్తుందో చెబుతుంది గానీ నాన్నకు ఏది చేయించాలో చెప్పదు. నేను డాక్టర్ని అడగాల్సినవి రాసిస్తా, నువ్వు కూడా మాతో రా" అను. రేపు ఏదైనా తేడా వస్తే "పిల్ల మాట విన్నాం" అనే మాట రాకుండా ఉండాలంటే నిర్ణయం జరిగే గదిలో అందరూ ఉండాలి.

గైడ్‌కు చెప్పు, ఈ వారమే. ల్యాబ్ లైసెన్సు మీద ఇంటి సీటీ నడిపించానని, నిద్ర పట్టడం లేదని. మందలిస్తారేమో, మందలించనీ. నువ్వు తలుచుకున్నా ఇప్పుడు కుదురుగా పని చేయలేవు, సెలవు కావాలి. ఆ సీటీ ల్యాబ్ సర్వర్‌లో ఉంటే తీసేయ్. ఎథిక్స్ కమిటీ అనుమతి, మీ నాన్న రాతపూర్వక సమ్మతి లేకుండా అది థీసిస్‌లో ఒక బొమ్మగా కూడా కనపడకూడదు. ఎంత బాగా వచ్చినా సరే.

ఈ జవాబు అచ్చయ్యేసరికి మీ తేదీ దాటిపోతుంది. అందుకే నీకు ఈమెయిల్‌లో ముందే పంపుతున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ కొత్తగా చేయించి పట్టుకెళ్లండి, రెండు నెలల నాటివి చాలవు. మీ నాన్న గుండెకని రక్తం పలచబడే మాత్ర ఏదైనా వేసుకుంటున్నారా అన్నది ఉత్తరంలో లేదు. షుగర్ ఉన్నవాళ్లకు చాలామందికి రాస్తారు. వేసుకుంటుంటే సూది తేదీకి చాలా ముందే డాక్టర్‌కు చెప్పాలి. మీ అంతట మీరు ఆపవద్దు.